వదినగారి బస్తాలు

గరివిడి,
26 మే 2025.

వదినగారికి రాజకుమారి నమస్కరించి రాసేది.

ఫోన్ ఉండగా ఉత్తరమేటి అని మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. ఫోన్ చేస్తే మీ కోడలు స్పీకరు పెట్టేస్తాది. నేనొక మాట అనేలోపు ‘అమ్మా, ఊరుకో’ అని నా నోరు మూయిస్తాది. నా కన్నకూతురే అయినా, పింకీ చెవిన పడకుండా మనం వియ్యపురాళ్ళం మాట్లాడుకోవలసినవి నాలుగు ఉంటాయి గదా. మా వీధి చినబాబు మీ పొందూరులో ఖాదీ కొట్టు గుమస్తా. రోజూ ప్యాసింజరు మీద వచ్చిపోతాడు. ఈ జీడిపప్పు సంచి అతని చేతికిచ్చాను. సంచి అడుగున కాగితం. మీరు కూడా అలాగే పంపండి.

టీవీలో మళ్ళీ కరోనా కేసులంటున్నారు. ఎక్కడో దూరాన అని వాళ్ళు చెప్తుంటే, మా ఆయనకి అది గరివిడి రైలుగేటు దాకా వచ్చేసినట్టే. మీకు తెలుసు గదా, ఫ్యాక్టరీ స్టోర్సులో ముప్పై రెండేళ్ళు చేసి రిటైరైన మనిషి. సరుకు లోపలికి రావడమే తెలుసు గాని బయటికి పోతే ఆయనకి ప్రాణం పోయినట్టుంటాది. ముందు గదిలో ఇనప అరలు కొట్టించారు. డబ్బాలకి చీటీలు అంటించారు. బొంబాయి రవ్వ పది కిలోలు, నూడిల్స్ నాలుగు అట్టపెట్టెలు, చేతులకి రాసుకునే మందు రెండు క్యాన్లు, వేలికి పెట్టుకునే మిషను ఒకటి. ఆ మిషను రోజుకి మూడుసార్లు నా వేలికి తగిలించి ‘తొంభై ఎనిమిది’ అని గోడ మీద రాసుకుంటున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మా ఇంటి పని.

మా పిల్లకి చూలు మాత్రం ఉంది. అందుకే ఈ ఉత్తరం. పింకీకి ఏడో నెల పడ్డాది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. పంతులుగారు జూన్ 11 బాగుందన్నారు. ఆ రోజు మేమొచ్చి తీసుకొస్తాం. ఒకవేళ మళ్ళీ రోడ్లు మూసేస్తే, పిల్ల అక్కడ, నేనిక్కడ అయిపోతే నా వల్ల కాదు వదినగారూ. మీరు సరేనంటే చాలు.

రాజకుమారి

•

పొందూరు దగ్గర మా ఊరు,
30 మే.

వదినకి దేముడమ్మ రాసేది.

నీ ఉత్తరం జీడిపప్పుల్లో దొరికినాది. నాను అయిదో తరగతి సదివినదాన్ని, నీ లాగ గుండ్రంగా రాయలేను. తప్పులుంటే దిద్దుకో. ఈ ‘మీరు’ ఏటి నాకర్దం కాదు. పెళ్ళయి రెండేళ్ళయినాది, ఇంకా మీరూ గారూ అంటన్నావు. నన్నేటి తాసిల్దారనుకున్నావా?

మా అన్నయ్య రవ్వ పది కిలోలు కొన్నాడంటే ఉన్నకాడ కూకుని నవ్వినాను. ఓలమ్మ, రవ్వ నెల్లాళ్ళు ఉంటాదా? పురుగులకి పెళ్ళి సేస్తన్నాడేటి? నూడిల్సు తిని ఎవరైనా బతికి బట్ట కట్టినారా? నా ఇంట్లో ఏటున్నాదో ఇను. గాదె నిండా పాత దాన్యం. సోళ్ళు, అదే టీవీలో రాగులంటారు, రెండు బస్తాలు. ఉలవలు, పెసలు, మినుములు. కొత్త సింతపండు గింజ తీసి ఉప్పేసి రెండు కుండలు. బెల్లం పది దిమ్మలు. ఎండునెత్తళ్ళ సేపలు ఒక డబ్బా, పిల్లి అందుకోకుండా దూలానికి కట్టినాను. గేదె ఉన్నాది, నుయ్యి ఉన్నాది, పెరట్లో మునగ ఉన్నాది. ఆర్నెల్లు తలుపు మూసుకున్నా మా ఇంట్లో ఎవరూ సిక్కిపోరు.

నీ కాడ పప్పుంటే దానికి ఆముదం రాసి ఎండబెట్టు. పురుగు పట్టదు. అన్నయ్యకి సెప్పు.

ఇక జూన్ పదకొండు మాట. రోహిణి కార్తి ఎండలకి రోళ్ళు పగిలిపోతన్నాయి. కడుపుతో ఉన్న పిల్లని ఆ ఎండలో బయటికి తియ్యడమేటి? మృగశిర వచ్చి నాలుగు సినుకులు పడనీ. తొందరేటి?

పింకీ బాగున్నాది. పొద్దున్నే అంబలి తాగమంటే మూతి తిప్పుతాది, నాను కళ్ళెర్ర జేస్తే తాగుతాది.

దేముడమ్మ

•

గరివిడి,
12 జూన్.

వదినగారికి,

మీరు గారూ మానేయమంటే ఒక్కసారిగా మానలేను. నాకు పదో తరగతి మాస్టారు అలవాటు చేసిన జబ్బు.

మీ ఆముదం సలహా గురించి ముందు చెప్పాలి. ‘ఆముదం రాసి ఎండబెట్టు’ అన్నారు గాని ఎంత రాయాలో రాయలేదు. మా ఆయన దాన్ని మిషనుకి గ్రీజు రాసే లెక్కలోకి తీసుకున్నారు. అయిదు కిలోల కందిపప్పుకి అర లీటరు. ‘దేముడమ్మగారు చెప్పారు, తక్కువ చేస్తే బాగోదు’ అని రెండు చేతులా పిసికి పిసికి పట్టించారు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు. ఆ సాయంత్రం నేను పొరుగింటి పేరంటానికి వెళ్ళొచ్చేసరికి, నాకు సాయం చేద్దామని ఆయనే కుక్కరెక్కించారు. కడగలేదు. కడిగితే రాసిందంతా పోతుంది గదా అన్నారు. ఆకలి మీద ఉన్నాం, తినేశాం.

మర్నాడంతా మా ఇంట్లో లాక్‌డౌనే. బాత్రూము ఒకటి, మనుషులం ఇద్దరం. ఒకరు లోపల, ఒకరు తలుపు దగ్గర. మధ్యలో ఆ వేలి మిషను పెట్టి చూసుకుని, ‘ఆక్సిజను బాగానే ఉంది’ అని నాకు ధైర్యం చెప్పారు. మా చుట్టుపక్కల వాళ్ళు కరోనా అనుకుని రెండ్రోజులు మా గుమ్మం దిక్కు రాలేదు. రవ్వకి పురుగు పట్టింది, మీరన్నట్టే. మీకు సంతోషమేనా?

పదకొండో తేదీ వెళ్ళిపోయింది. మృగశిర వచ్చింది, చినుకులూ పడ్డాయి. పంతులుగారు 19 అన్నారు. కారు మాట్లాడుతున్నాను. ఈసారి కాదనకండి.

రాజకుమారి

•

మా ఊరు,
17 జూన్.

వదినా,

నీ ఉత్తరం మా ఇంటాయనకి సదివి వినిపించినాను. మాట పలకని మనిషి, తువ్వాలు మొకానికి అడ్డం పెట్టుకుని అరగంట నవ్వినాడు. ఓలమ్మ, అరసేతికి రాసుకుని పప్పుని అలా ముట్టుకుంటే సాలు. వండేముందు కడగాల. ఇదంతా సెప్పాలని నాకేటి తెలుసు? అన్నం కలుపుకుని నోట్లో పెట్టుకోవాలని కూడా రాయమంటావా అన్నయ్యకి? కడుపు కుదుటపడే దాకా మజ్జిగన్నం పెట్టు. నవ్వినందుకు ఏటనుకోకు, ఇపుడు కూడా నవ్వుతానే రాస్తన్నాను.

మా కాడ సరుకు ఇంకా పెరిగినాది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము ఎండబెట్టి దంచి సీసాల్లో పోసినాను. వెల్లుల్లి గుత్తులు కట్టినాను. పాత బియ్యం ఇరవై కిలోలు వేరే తీసినాను. పాత పొందూరు పంచెలు మా ఇంటాయనవి నాలుగుంటే ఉతికి, గంజి తీసి, పొత్తిగుడ్డలు సింపినాను. ఉతికే కొద్దీ మెత్తనవుతాది గదా ఆ బట్ట, సంటిదాని ఒంటికి గీరుకోదు.

19 అంటే గురువారం. ఆ వారమంతా త్రినాథ్‌కి కరెంటాఫీసులో సెలవివ్వరట, వానలకి లైన్లు తెగిపడతన్నాయి. మొగుడు పక్కన నేకుండా పిల్లనెలాగ పంపుతాను? వాడికీ బెంగే. మరోరోజు సూడు.

మామిడి తాండ్ర పంపుతన్నాను. పురుగు పట్టదు, భయపడకు.

దేముడమ్మ

•

గరివిడి,
20 జూన్.

వదినగారికి,

తాండ్ర చాలా బాగుంది. సగం అయిపోయింది. మిగతా సగానికి మా ఆయన చీటీ అంటించి తాళం వేశారు.

ఒక్క ప్రశ్న. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. శొంఠి, పిప్పళ్ళు, పాత బియ్యం, పొత్తిగుడ్డలు. ఇదంతా బాలింత సరుకు కదా? బాలింత ఉండబోయేది గరివిడిలో కదా? మరి సరుకు పొందూరు వైపు ఎందుకు పోగవుతోంది? లాక్‌డౌన్‌కి అన్నారు మీరు. లాక్‌డౌన్‌లో అన్నయ్యగారు కాన్పు అవుతారా ఏటి?

ముందు ఎండ అన్నారు. తర్వాత సెలవు అన్నారు. నాకు మెల్లగా అర్థమవుతోంది, అవుతుంటే నవ్వు తగ్గుతోంది. 24 మంగళవారమైనా సరే, నేను కారు తీసుకుని వస్తున్నాను. 26తో ఆషాఢం, ఎనిమిదో నెల రెండూ పడిపోతాయి.

మీ వదిన,
రాజకుమారి

•

మా ఊరు,
27 జూన్.

వదినా,

మంగళవారం నిన్ను రావద్దని త్రినాథ్ సేత ఫోన్ సేయించినాను. నీకు కోపమొచ్చే ఉంటాది. మర్నాడు అమావాస్య పెట్టుకుని, మంగళవారం పూట కడుపుతో ఉన్న పిల్ల సేత గుమ్మం దాటిస్తారా ఎవరైనా? నువ్వు ఫ్యాక్టరీ కాలనీలో ఉండి ఇవన్నీ మరిసిపోనావు.

ఇపుడు ఎనిమిదో నెల పడిపోనాది. నీకూ తెలుసు, ఎనిమిదో నెల్లో కదపకూడదు. మా అమ్మ సెప్పేది, వాళ్ళమ్మ సెప్పేది. ఇక శ్రావణంలో తొమ్మిది పడ్డాక సూద్దాం. ఈలోగా రోడ్లు మూస్తే మూస్తారు. ఇక్కడ దానికేటి తక్కువ? నూడిల్సు తప్ప అన్నీ ఉన్నాయి.

పింకీ నిన్న మునగాకు కూర రెండుసార్లు వేయించుకున్నాది.

దేముడమ్మ

•

గరివిడి,
30 జూన్.

దేముడమ్మగారికి,

మీ దగ్గర బియ్యం ఉంది, బెల్లం ఉంది, గేదె ఉంది, నుయ్యి ఉంది. నా కూతురు కూడా మీ దగ్గరే ఉంది. నా దగ్గర పురుగు పట్టిన రవ్వ ఉంది.

మీరు పింకీని బాగా చూసుకుంటారని నాకు తెలుసు. దానికి నేనెప్పుడూ వంక పెట్టలేదు. కానీ నొప్పులొచ్చినప్పుడు అది ఎవర్ని పిలుస్తాదో మీకూ తెలుసు. మీకూ కూతురుంది. ఇంతకంటే రాయలేను.

రాజకుమారి

•

మా ఊరు,
4 జులై, శుక్రవారం.

వదినా,

ఈ ఉత్తరం పాత బియ్యం బస్తా మూతిలో కట్టినాను. నువ్వు ఇది సదివేసరికి పింకీ నీ ఇంట్లో నీ మంచం మీద కూకుని ఉంటాది. ముందు దాని కాళ్ళకి వేన్నీళ్ళు పొయ్యి. తరవాత సదువు.

మొన్న నువ్వు రాసిన నాలుగు ముక్కలు పొయ్యి కాడ కూకుని మళ్ళీ మళ్ళీ సదివినాను. ‘మీకూ కూతురుంది’ అన్నావు. ఉన్నాది. ధనలక్ష్మి. నీకు పెళ్ళిలో సూడ్డమే గాని దాని సంగతి ఎపుడూ సెప్పనేదు. నాను ఎవరికీ సెప్పనేదు.

ఆ ఏడు, మొదటిసారి ఆ రోగమొచ్చినపుడు, మార్చిలో ధనలక్ష్మికి ఎనిమిదో నెల. గజపతినగరంలో అత్తోరింట్లో ఉన్నాది. ‘అమ్మా, టీవీలో ఏటేటో అంటన్నారు, భయమేస్తన్నాది, వచ్చి తీసుకుపో’ అని ఫోన్ సేసినాది. నానేటన్నానో తెలుసా? ‘ఎనిమిదో నెల్లో కదపకూడదే. ఉగాది ఎల్లగానే తొమ్మిది పడతాది, అపుడొస్తాను’ అన్నాను. ఉగాదికి మూడ్రోజుల ముందు అన్నీ మూసీసినారు.

గజపతినగరం ఎంత దూరం? రెండు బస్సులు మారితే వస్తాది. మా ఇంటాయన సైకిలు మీద బయల్దేరి, జిల్లా సరిహద్దు కాడ ఆపీస్తే వెనక్కొచ్చినాడు. వచ్చి సైకిలు గోడకి పెట్టి పడుకున్నాడు. కాన్పు నాడు దాని అత్త జ్వరంతో ఇంట్లో. మొగుడ్ని ఆస్పత్రి గేటు కాడే ఆపినారు. పాప పుట్టిన మూడో నెల్లో నాను సూసినాను. నా ఒళ్ళోకి రానేదు, కొత్త మొకం గదా, ఏడిసినాది. ధనలక్ష్మి నన్నొక్క మాటన్నేదు. ఒక్కటే సెప్పినాది. ‘నొప్పులపుడు నా సెయ్యి పట్టుకున్నది నర్సమ్మే అమ్మా, మంచిది’ అన్నాది.

రెండో కాన్పుకి అయిదో నెల్లోనే ఎల్లి పిలిసినాను. ‘వద్దులేమ్మా, ఇక్కడే అలవాటైపోనాది’ అన్నాది. కోపంగా అంటే బాగుణ్ణు. నవ్వుతా అన్నాది. పండక్కి వస్తాది, తింటాది, సాయంత్రం బస్సుకి ఎల్లిపోతాది. రాత్రి ఉండదు.

మన పింకీ కడుపుతో ఉన్నాదని తెలిసినకాడి నుంచి నాకొకటే ఆశ. ఈపాలి పురుడు నా సేతుల మీద అవ్వాల. నా కూతురికి సెయ్యనిది నీ కూతురికి సేసి నా గుండె దించుకుందామనుకున్నాను. ఎండని సాకు, సెలవని సాకు, అమావాస్య సాకు. సరుకు లాక్‌డౌన్‌కి కాదు వదినా, పింకీని ఆపడానికి. సిగ్గిడిసి సెప్తన్నాను, టీవీలో కేసులు పెరిగినాయంటే లోపల సంతోషపడినాను. రోడ్లు మూసీస్తే బాగుణ్ణని మొక్కుకున్న మనిషి ఈ జిల్లాలో నానొక్కదాన్నే అయుంటాను.

‘ఎనిమిదో నెల్లో కదపకూడదు’ అని నీకు రాసినపుడు కూడా నాకు తట్టనేదు. నీ ఉత్తరం వచ్చినాక తట్టినాది. అదే మాట. అదే నోరు. నీ ఉసురు పోసుకుని నాను బాగుపడతానేటి?

డాక్టరమ్మని అడిగినాను. పిల్ల బాగున్నాది, నెమ్మదిగా కారులో ఎల్లొచ్చు అన్నాది. పింకీతో సెప్తే, ‘అత్తా, ఆషాడం గదా’ అన్నాది. ఆషాడం. ఎనిమిదో నెల. శుక్రవారం కోడల్ని ఇంట్లోంచి పంపడం. మా అమ్మ బతికుంటే నన్ను సీపురుతో కొట్టును. అన్ని తప్పులూ ఒక్కరోజే సేసీసినాను, మళ్ళీ మళ్ళీ సెయ్యక్కర్నేదు.

సరుకంతా ఎక్కించినాను. బాలింతది, బియ్యం, సోళ్ళు, బెల్లం, ఉలవలు. నా గాదెలో దాన్యం బస్తాలకెత్తగా అడుగున కొంచెం ఉన్నాది, మాకది సాలు. నెత్తళ్ళ డబ్బా కూడా పెట్టినాను, కాన్పయిన వెంటనే పెట్టకు. పొత్తిగుడ్డలు ఎరుపంచు సంచిలో ఉన్నాయి.

నాను రాను. వస్తే వెనక్కి రాలేను. రోడ్లు మూసినా తెరిసినా నీ పిల్ల నీ కాడ ఉండాల. ఈ ఉత్తరం సదివి సింపీ.

దేముడమ్మ

•

గరివిడి,
8 జులై.

ఒసే వదినా,

మీరు గారూ అయిపోయాయి. ఇంక నిన్ను ఒసే అనే పిలుస్తాను, నువ్వు కోరుకున్నదే.

నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివి ఏడ్చాను. మా ఆయన కంగారుపడి వేలి మిషను తెచ్చారు. దాన్ని విసిరికొడితే బియ్యంలో పడింది.

కారు గుమ్మంలో ఆగేసరికి మేము సిద్ధంగా లేము. త్రినాథ్ దిగాడు, పింకీ దిగింది, తర్వాత బస్తాలు దిగుతూనే ఉన్నాయి. మా ఆయన మొహం చూడాల్సింది. పాత ఫ్యాక్టరీ రిజిస్టరు తీసి, ‘గేటు పాసు ఏది?’ అని అల్లుడ్ని అడిగారు. రాసుకోవడం మొదలుపెట్టి, ఉలవల దగ్గరికొచ్చేసరికి అరలు అయిపోయి, మిగిలినవి మా మంచం కింద పెట్టించారు. ఇప్పుడు నేను సోళ్ళ బస్తా మీద కాలు పెట్టి మంచం దిగుతున్నాను. రాత్రి మీ ధాన్యం వాసనకి నిద్ర బాగా పట్టింది, అది వేరే సంగతి.

నీ మీద కోపం ఉంది. సాకులు చెప్పినందుకు కాదు. మొదటే ఈ మాట చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఒక దారి చూసేవాళ్ళం గదా. తల్లికి కూతురి మీద హక్కుందని నేను పోట్లాడుతుంటే, నువ్వు అక్కడ ఇంత మోసుకుని కూర్చున్నావా?

‘నాను రాను’ అన్నావు. ఎవరడిగారు నిన్ను? ఆగస్టు పదో తేదీకి నువ్వు ఇక్కడుంటావు. పంతుల్ని అడగలేదు, నేనే పెట్టాను. శుక్రవారం కాదు గాబట్టి నీకు నచ్చకపోవచ్చు. నీ మంచం ముందు గదిలో, నూడిల్సు పెట్టెల పక్కన. అక్కడ అన్నయ్యకి వంట ఎలాగంటావా, ఆయన ఆముదం లేకుండా వండుకోగలరు. రోడ్లు మూస్తే లోపల మనం నలుగురం ఉందాం. అంతే.

ఇంకొకటి. మా ఆయన పెన్షను పని మీద గజపతినగరం వైపు వెళ్తున్నారు. ధనలక్ష్మి ఇంటికి రెండు కిలోల ఉలవలు, ఒక బెల్లం దిమ్మ పంపిస్తున్నాను. నీ సరుకేగా, నీ పేరు చెప్పి ఇమ్మన్నాను. ఇంకేమీ అడక్కు.

ఉత్తరం చింపమన్నావు. చూస్తాను.

నీ వదిన,
రాజు

•

మా ఊరు,
3 సెప్టెంబరు.

వదినా,

నిన్న పాసింజరు దిగి ఇంటికొచ్చినాను. మా ఇంటాయన నన్ను సూసి, ‘వచ్చినావా’ అన్నాడు. పాతిక రోజుల తరవాత అంత మాటన్నాడంటే బెంగ పెట్టుకున్నట్టే. మనవరాలు ఎవరి పోలిక అని అడిగినాడు. ముక్కు మా వదినది, నోరు నాది అని సెప్పినాను. అయితే ఆ ఇల్లు ఇక నిద్రపోదు అన్నాడు.

కాన్పు రోజు తలుసుకుంటే ఇపుడు నవ్వొస్తన్నాది. నెలన్నర పాటు నువ్వూ నానూ కొట్టుకున్నది దేనికి? పిల్ల నొప్పులపుడు ఎవరు పక్కనుండాలని. తీరా ఆస్పత్రికి ఎల్తే అక్కడి నర్సమ్మ ఏటి సేసినాది? ‘ఇద్దరూ బయటికి’ అని తలుపేసీసినాది. వరండాలో బల్ల మీద ఇద్దరం కూకుని, అన్నయ్య తెచ్చిన మరమరాలు నమిలినాం. నువ్వు ఏడుస్తా నమిలినావు. లోపల పింకీ సెయ్యి పట్టుకున్నది ఆ నర్సమ్మే. కానీ ‘అమ్మా’ అని అది అరిసినపుడు, ‘ఇక్కడే ఉన్నానే’ అని నువ్వు తలుపు బయటనుంచి కేకేసినావు సూడు. అది దానికి ఇనిపించినాది. నా కూతురు కూడా అలా అరిసే ఉంటాది గదా అని నాను అపుడనుకున్నాను. నీకు సెప్పనేదు, నువ్వు మరమరాల్లో ఉన్నావు.

ఇపుడు అసలు మాట. నువ్వు ఉత్తరం సింపనేదు. నాకు తెలుసు.

ఇవాళ పొద్దున్న ధనలక్ష్మి వచ్చినాది. పండగ కాదు, పబ్బం కాదు. పిల్లలిద్దర్నీ తీసుకుని, బట్టల సంచి పట్టుకుని వచ్చినాది. పెద్దదానికి అయిదేళ్ళు, సోడిముద్ద అంటే తెలీదు దానికి. గడపలో నిలబడి ధనలక్ష్మి నా సేతిలో ఒక కాగితం పెట్టినాది. నా రాతే. ఉలవల వాసనొస్తన్నాది. నీకెంత ధైర్యమే వదినా, ఉలవల సంచి అడుగున నా గుండెకాయ తీసి పెట్టి పంపినావు. నన్నొక్క మాట అడగాలని తోచనేదా? కనిపిస్తే నిన్ను సీపురుతో కొడతాను. మా అమ్మ నాకోసం దాసిన సీపురే.

ఎలాగ మొకమెత్తేది అని నాను నేల సూస్తన్నాను. ‘రెండు నెలలు దాసుకున్నాను అమ్మా దీన్ని, ఎలాగ రావాలో తెలీక’ అన్నాది. నాన్న సైకిలు మీద బయల్దేరినాడని తనకెవరూ సెప్పనేదట. నాను కూడా సెప్పనేదు. ఎందుకు సెప్పనేదో నాకే తెలీదు. ఆ సైకిలు ఏదీ అని అడిగినాది. పెరట్లో గేదె సాల వెనక తుప్పు పట్టి ఉన్నాది. ఎల్లి దాన్ని సూసొచ్చినాది. తరవాత కాళ్ళు కడుక్కుని వంటింట్లోకొచ్చి, అన్నం కుండ మూత తీసి, ‘ఇంతేనా?’ అన్నాది.

గాదె సూపించినాను. అడుగున రెండు కుంచాలు దాన్యం. తలుపు కాడ నిలబడి అటూ ఇటూ సూసి, నా కూతురు నన్నేటన్నాదో తెలుసా?

‘అమ్మా, మళ్ళీ ఎపుడైనా రోడ్లు మూస్తారంటే ముందురోజే నానూ పిల్లలూ ఇక్కడికొచ్చీస్తాం. నెల్లాళ్ళకో, ఆర్నెల్లకో. ఇంత ఖాళీ గాదె పెట్టుకుని ఏటి పెడతావు మాకు?’

ఇపుడది పడుకున్నాది. ఇద్దరు పిల్లలూ పక్కన. సాయంత్రం బస్సు ఎల్లిపోనాది.

అందుకని రాస్తన్నాను వదినా. సినబాబు సేతికి ఒక్కొక్కటిగా ఇచ్చినా సరే, కారు మాట్లాడినా సరే, నా బస్తాలు నాకు పంపీ. సోళ్ళు రెండూ, మిగిలిన ఉలవలు, మిగిలిన బెల్లం. అన్నయ్య గేటు పాసు అడిగితే, దేముడమ్మకి అవసరం పడ్డాదని సెప్పు.

నూడిల్సు కూడా ఒక పెట్టి పంపు. పెద్దదానికి అవి కావాలట.

నీ దేముడమ్మ